30 సెకన్ల షాట్ తర్వాత కెమెరా ఆగిపోతోందా? కార్డు మార్చకండి

మీ నికాన్ పాడవలేదండీ. 30 సెకన్ల షాట్ తీశాక ఇంకో 30 సెకన్లు 'జాబ్ ఎన్ఆర్' (ఎన్ఆర్ అంటే నాయిస్ రిడక్షన్) అని మిణుకుతోందన్నారు కదా, జవాబు అందులోనే ఉంది. మెమరీ కార్డు నెమ్మదైతే ఇంత లెక్కగా ఆగదు.

ఇది లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్, అంటే ఎక్కువ సేపు తీసిన ఫొటోలో చుక్కలు తుడిచే సెట్టింగ్ పని. మీ ఫొటో అయ్యాక కెమెరా షట్టర్ మూసుకుని, అంతే సేపు మరో చీకటి ఫ్రేమ్ తీస్తుంది. సెన్సర్ వేడికి పుట్టే ఎర్ర, నీలి చుక్కలు దాంట్లోనూ అవే చోట్ల పడతాయి. వాటిని చూసుకుని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. మధ్యలో విసుగొచ్చి స్విచ్ ఆపేస్తే ఫొటో ఉంటుంది, ఈ శుభ్రం మాత్రం జరగదు.

ఫొటో షూటింగ్ మెనూలో ఈ సెట్టింగ్‌ని ఆఫ్ చేయండి. పక్కనే ఉండే హై ఐఎస్ఓ (ఐఎస్ఓ అంటే వెలుతురుకు కెమెరా సున్నితత్వం) నాయిస్ రిడక్షన్ వేరు, దాని జోలికి పోవద్దు.

నక్షత్రాల ట్రెయిల్స్ (నక్షత్రాల కదలిక గీతలుగా కనిపించే ఫొటోలు) తీస్తున్నారంటున్నారు కాబట్టి ఆఫ్ తప్పనిసరి, లేకపోతే చీకటి ఫ్రేమ్ తీసే సేపు ఖాళీ పడి గీతలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. బదులుగా, సర్దుకునే ముందు లెన్స్ మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే షట్టర్ సమయంతో నాలుగైదు చీకటి ఫ్రేములు తీసి స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌కి (చాలా ఫొటోల్ని ఒకటిగా కలిపేది) ఇవ్వండి. ఇంటికెళ్లి ఏసీ గదిలో తీస్తే పెద్దగా పనికిరావు, సెన్సర్ వేడి మారిపోతుంది. వ్యూఫైండర్ కూడా మూయండి, వెనక నుంచి వెలుతురు దూరుతుంది.