ఏనుగు తొక్కిన చేను అట్లే ఉండనీ

అల్లుడూ,

పొద్దున ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి వాట్సాప్‌లో పెడుతున్నా. ఏనుగులు కోతకొచ్చిన రాగి తొక్కి, డ్రిప్పు పైపులు పీకేసి పోయాయంటే కడుపు మండదా? కానీ రేపే ట్రాక్టరు పిలిచి దున్నించేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యొద్దు.

నేను చేసి అనుభవించాను. మన చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిని 1990లో అభయారణ్యం చేశాక కొన్నేళ్లకు మన చెరకు తోట ఇట్లే పడగొట్టాయి. చూడలేక మూడో రోజే శుభ్రం చేయించా. ఐదో రోజు ఆఫీసరు వచ్చి, చదునైన నేల చూసి, "ఇక్కడేముందని రాయమంటావు పెద్దాయనా?" అన్నాడు. పరిహారం పైసా రాలేదు.

ముందు ఫోటోలు. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, ఏనుగు అడుగు పక్కన నీ చెప్పు పెట్టి తియ్యి. వెనకాల మోటారు గదో, గుట్టో కనపడాలి. ఒట్టి మట్టి ఫోటో ఏ ఊరిదైనా కావచ్చు. లద్దె ఉంటే అదీ తియ్యి. ఈరోజే ఫారెస్టు బీటు ఆఫీసరుకు చెప్పి, అర్జీ రాసిచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకో. రెండో కాపీ రైతు సేవా కేంద్రంలో ఇవ్వు.

అక్కడే ఈ-పంటలో, అంటే ఎవరి చేలో ఏ పంటుందో సర్కారు రాసుకునే లెక్కలో, ఏముందో చూడు. చేలో రాగి, కంప్యూటర్లో వేరుశనగ ఉందంటే నీ మాట ఎవరూ వినరు. పాస్‌బుక్, 1బి (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ కాగితం), ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు రెండేసి పెట్టుకో.

కౌలుకు చేసే రెండెకరాలకు కౌలు రైతు కార్డు లేదన్నావు. మన రాష్ట్రం 2019లో చేసిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే ఆ కార్డు 11 నెలలే ఉంటుంది, హక్కు పంట మీదే, భూమి మీద కాదు. ఆ మాట భూమి యజమానికి నిదానంగా చెప్పు. ఆయన భయమంతా భూమి పోతుందేమోననే.

పంటల బీమాలో అడవి జంతువుల నష్టాన్ని కూడా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 2026 ఖరీఫ్ నుంచి అన్నారు. నష్టం జరిగిన 72 గంటల్లో పంటల బీమా యాప్‌లో చెప్పాలట. మన మండలానికి, మన పంటకు ఉందో లేదో ప్రీమియం కట్టేముందే అడుగు.

కంచె సబ్సిడీ ఇప్పిస్తానని ముందే డబ్బులడిగే వాడికి రూపాయి ఇవ్వకు. సోలార్ కంచె వేసుకుంటే తీగ కింద గడ్డి కోస్తూ ఉండాలి, గడ్డి తగిలితే కరెంటు నేలకు పోతుంది. లైన్ నుంచి కరెంటు లాగి కట్టే పాడుపని జోలికి పోకు, ఏనుగు చస్తే జైలు, మనిషి చస్తే ఏం చెబుతావు?

పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపుకు కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగులు, వచ్చాయని ధీమాగా ఉండకు. అవి ఎన్ని ఊళ్లకని వస్తాయి?

శనివారం వస్తా. అంతదాకా చేనుకు అడ్డంగా కంప వెయ్యి. లేకుంటే మీ ఆవులే మేసి, ఏనుగు అడుగులు మాపేస్తాయి.

మీ మామ