మడ మొక్కల గ్రాంటు వెనక్కి కట్టాలన్న నోటీసు: క్యాష్‌బుక్‌లోని ఒక్క మాట

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా తీరంలోని మత్స్యకార గ్రామాల్లో పనిచేసే రిజిస్టర్డ్ సొసైటీ. నేను అధ్యక్షుణ్ణి. మడ అడవుల పునరుద్ధరణకు 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి మాకు రూ.48 లక్షల గ్రాంటు మంజూరు చేసి, అక్టోబరులో తొలి విడతగా రూ.28.80 లక్షలు విడుదల చేసింది. 2023 మార్చి 31లోగా పని పూర్తి చేస్తామని బాండు రాసిచ్చాం. 40 హెక్టార్లలో కాలువలు తవ్వించి, మా ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో నిలబడి మొక్కలు నాటారు. ఆ డిసెంబరులో మిచాంగ్ తుఫాను చాలా భాగం ఊడ్చుకుపోయింది. రెండో విడత విడుదల చేయబోమని 2023 జులై 18న శాఖ లేఖ రాసింది. ఆ తర్వాత ఏడు వినతులు పంపినా ఫలితం లేదు. ఇప్పుడు బాండు షరతులు ఉల్లంఘించామంటూ తొలి విడత మొత్తాన్ని 10 శాతం వడ్డీతో తిరిగి కట్టాలనీ, 30 రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ 2026 జనవరి 27న నోటీసు అందింది. కాలువల పనికి మా కార్యదర్శి బంధువు నడిపే ట్రస్టుకు రూ.9.20 లక్షలు పంపాం, అదేమీ పెద్ద విషయం కాదు. మూడేళ్లు దాటింది కాబట్టి నోటీసు చెల్లదని మిత్రులు అంటున్నారు. కూలీల మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు) కొన్ని లేవు, పాత తేదీలతో రాయించి పెడదామని అకౌంటెంటు అంటున్నారు. ప్రకృతి చేసిన నష్టానికి మమ్మల్ని శిక్షించడం న్యాయమా?

జవాబు: మీ లేఖలో మూడు పేజీలు తుఫాను గురించే ఉన్నాయి. మీ కేసును తేల్చే విషయం మాత్రం ‘అదేమీ పెద్ద విషయం కాదు’ అని మీరు ఒక్క వాక్యంలో దాటేసిన రూ.9.20 లక్షల చెల్లింపులో ఉంది. కనుక తుఫాను సంగతి మొదట తేల్చి పక్కన పెడతాను.

మిచాంగ్ బాపట్ల సమీపంలో తీరం దాటింది 2023 డిసెంబరు 5న. బాండు ప్రకారం మీ గడువు అంతకు ఎనిమిది నెలల ముందే, మార్చి 31న ముగిసింది. గడువులోగా పని పూర్తి చేసి ఉంటే తుఫాను రాకముందే మీ బాధ్యత తీరిపోయినట్టు. పూర్తి చేయకపోయి ఉంటే, గడువు దాటిన తర్వాత వచ్చిన తుఫాను మిమ్మల్ని కాపాడదు. ఒక్క సందర్భంలోనే అది వాదనకు పనికొస్తుంది. మంజూరు ఉత్తర్వులో మొక్కలు నాటడంతో సరిపెట్టకుండా, ఇన్నేళ్ల తర్వాత ఇంత శాతం బతికి ఉండాలనే షరతు కూడా ఉంటే, ఆ షరతు తప్పడానికి కారణంగా తుఫానును చూపవచ్చు. ఉత్తర్వు నకలు మీరు నాకు పంపలేదు. ఈ రాత్రే దాన్ని బయటికి తీసి ఆ షరతు ఉందో లేదో చదవండి.

ఇక అసలు విషయానికి వస్తాను. స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర గ్రాంట్లు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (జీఎఫ్ఆర్) ప్రకారం విడుదలవుతాయి. ఆ నిబంధనల కింద సంస్థ కార్యవర్గ సభ్యులు రాసిచ్చే బాండులో గడువులోగా షరతులు పాటిస్తామని ఉంటుంది. దానితో పాటు గ్రాంటును దారి మళ్లించబోమనీ, పథకం అమలును మరో సంస్థకు అప్పగించబోమనీ కూడా ఉంటుంది. ఉల్లంఘిస్తే గ్రాంటు మొత్తాన్ని గాని, కొంత భాగాన్ని గాని ఏటా 10 శాతం వడ్డీతో రాష్ట్రపతికి తిరిగి చెల్లించే బాధ్యత సంతకం చేసినవారందరిపై ఉమ్మడిగానూ విడివిడిగానూ ఉంటుంది. అంటే వసూలు సొసైటీ బ్యాంకు ఖాతాతో ఆగదు. సంతకం పెట్టిన మీ ఇంటి దాకా, మీ కోశాధికారి ఇంటి దాకా రావచ్చు. మీతో పాటు సంతకాలు పెట్టినవారికి ఈ నోటీసు సంగతి ఇంకా చెప్పలేదని మీరే రాశారు. వారి ఆస్తికి సంబంధించిన విషయాన్ని వారికి తెలియకుండా దాచే హక్కు మీకు లేదు. ఈరోజే చెప్పండి.

ఈ బాండు ముందు ఆ రూ.9.20 లక్షలను నిలబెట్టి చూడండి. మీరు పంపిన క్యాష్‌బుక్ ఫొటోలో, 2022 మార్చి నెల పేజీలో, ఆ పద్దు ఇలా ఉంది: ‘ట్రస్టుకు బదిలీ, ప్రాజెక్టు నిమిత్తం’. ఆడిటరు కన్ను పడేది ‘బదిలీ’ అనే మాట మీదే. కాలువలు తవ్వడానికి జేసీబీని గంటల లెక్కన అద్దెకు తీసుకుంటే అది పని చేయించుకోవడం. ఎక్కడ, ఎంత లోతున తవ్వాలో మీరు నిర్ణయించారు, కొలతలు మీరు తీసుకున్నారు, కొలతను బట్టి డబ్బిచ్చారు అంటే పథకం అమలు మీ చేతిలోనే ఉన్నట్టు. అలా కాకుండా డబ్బంతా ఒక్కసారిగా ట్రస్టు ఖాతాలో వేసి, ఆ భాగం మీరే చూసుకోండి అని వదిలేస్తే అది అప్పగింత. బాండు నిషేధించింది ఆ అప్పగింతనే. ఈ రెండింటిలో ఏది జరిగిందన్న ప్రశ్నకు వచ్చే జవాబే మీ కేసు తీర్పు. ట్రస్టు కార్యదర్శి బంధువుది కావడం వల్ల అనుమానం పెరుగుతుంది కానీ, బంధుత్వమే ఉల్లంఘన కాదు.

కాబట్టి మీరు వెతకవలసిన కాగితాలు ఇవి. ట్రస్టు పంపిన కొటేషన్, పని ఒప్పందం, ఇన్‌వాయిస్, జేసీబీ పనిచేసిన గంటల స్లిప్పులు, కాలువల పొడవు, లోతు రాసుకున్న కొలతల పుస్తకం, ఆ పనిని ఆమోదించిన కార్యవర్గ తీర్మానం. వీటన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఆ చెల్లింపుపై ఆదాయపు పన్ను చట్టం 194-సి కింద రెండు శాతం, అంటే రూ.18,400 టీడీఎస్ కోసి కట్టారా? కట్టి ఉంటే ఆ సంవత్సరపు ట్రస్టు పన్ను వివరాలు చూపే ఫారం 26-ఏఎస్‌లో అది కనిపిస్తుంది. పని చేయించుకున్నందుకు ఇచ్చిన డబ్బుగానే మీరు దాన్ని ఆనాడే పరిగణించారనడానికి, వివాదం పుట్టకముందే ప్రభుత్వ రికార్డులోకి ఎక్కిన ఆ పద్దును మించిన సాక్ష్యం లేదు. కట్టి ఉండకపోతే కేసు అంతటితో పోదు, కానీ మిగతా కాగితాల మీద భారం పెరుగుతుంది.

మీ లేఖ చివర్లో, 2023 జనవరిలో అటవీ శాఖ రేంజి అధికారి నాటిన ప్రాంతం చూసి సందర్శకుల పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశారని ఉంది. గడువుకు రెండు నెలల ముందు, తుఫానుకు దాదాపు ఏడాది ముందు, ఒక ప్రభుత్వ అధికారి స్వయంగా చూసి రాసిన మాట అది. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆయన తన కార్యాలయానికి పంపిన తనిఖీ నివేదిక నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. ఉపగ్రహ చిత్రాలూ పనికొస్తాయి. చేప ముల్లు ఆకారంలో తవ్విన కాలువలు గూగుల్ ఎర్త్ పాత చిత్రాల్లో కనిపిస్తున్నాయేమో తేదీలవారీగా చూడండి. కనిపిస్తే హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నుంచి అధికారిక చిత్రం తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చుకు వెనుకాడవద్దు. ఫోనులో తీసిన ఫొటోలను వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకున్నవి కాకుండా, తీసిన ఫోనులోనే ఉన్న అసలు ఫైళ్లుగా భద్రపరచండి. కోర్టులో వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయాలి.

మస్టర్ రోల్స్ విషయంలో మీ అకౌంటెంటు ఇచ్చిన సలహా గురించి నేను మెత్తగా చెప్పలేను. పాత తేదీలు వేసి, కూలీల వేలిముద్రలు కొత్తగా తీసుకుని తయారుచేసే మస్టర్ రోల్ ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 దానికి వర్తిస్తుంది. అది అసలైనదని చెప్పి శాఖకు పంపితే సెక్షన్ 340, దాని ఆధారంగా డబ్బు దక్కించుకోవాలని చూస్తే సెక్షన్ 318 కింద మోసం. ఈరోజు మీ మీద ఉన్నది డబ్బు వసూలుకు సంబంధించిన సివిల్ వివాదం మాత్రమే. ఆ ఒక్క కాగితంతో అది మీరు అరెస్టయ్యే క్రిమినల్ కేసు అవుతుంది, నిజంగా జరిగిన పని మీదా నమ్మకం పోతుంది. పైగా ఇది దొరక్కుండా పోయే పని కాదు. ఆ రోజు ఊళ్లో లేని మనిషి పేరు మస్టర్‌లో పడుతుంది, లేదా అదే రోజు ఉపాధి హామీ పనిలో ఆ మనిషికే హాజరు పడి ఉంటుంది. లేని మస్టర్లు లేవనే రాయండి. వాటి బదులు బ్యాంకు ద్వారా కూలి చెల్లించిన వివరాలు, ఆ పనిచేసిన ఆడవాళ్లు ఇప్పటి తేదీతో, ఇప్పుడు చెబుతున్నట్టుగానే ఇచ్చే అఫిడవిట్లు జత చేయండి. అదే విధంగా క్యాష్‌బుక్‌లోని ‘బదిలీ’ మాటను దిద్దవద్దు, కొట్టివేయవద్దు, పేజీ మార్చవద్దు. ఆ మాట ఎందుకు రాశారో జవాబులో వివరించండి.

మూడేళ్లు దాటాయన్న మీ మిత్రుల మాట పూర్తిగా తప్పు. కాలపరిమితి చట్టం 1963లోని 112వ అధికరణం ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వేసే దావాకు గడువు 30 ఏళ్లు. మూడేళ్ల గడువు నడుస్తున్నది మీ మీద. రెండో విడత మీ హక్కు అని మీరు అనుకుంటే, దానికి దావా వేసే గడువు 113వ అధికరణం కింద నిరాకరణ లేఖ వచ్చిన 2023 జులై 18 నుంచి మూడేళ్లు, అంటే 2026 జులైతో ముగుస్తుంది. ఆ తర్వాత మీరు పంపిన ఏడు వినతులు ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు. పదేపదే వినతులు పంపినంత మాత్రాన కాలపరిమితి పెరగదని ఎస్.ఎస్. రాథోర్ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలు లెక్కలోంచి మినహాయింపు పొందుతాయి కానీ, దాని మీద ఆధారపడి చివరి వారం దాకా కూర్చోవద్దు. నిజానికి రెండో విడత మీద మీ హక్కు బలహీనమైనది. గ్రాంటు ప్రభుత్వ విచక్షణ మేరకు ఇచ్చేది, తర్వాతి విడత షరతుల మీద ఆధారపడేది. అయినా మీరు సొంతంగా పెట్టిన ఖర్చు ఉంటే దాన్ని అడిగే దారి గడువు తప్పి మూసుకుపోకూడదు.

ఇప్పుడు నోటీసుకు మీరిచ్చే జవాబు సంగతి. ఒప్పంద ఉల్లంఘన జరిగిందా లేదా అన్నది వివాదంలో ఉంటే, ఒప్పందంలో ఒక పక్షమైన ప్రభుత్వం తానే తీర్పరిగా మారి ఉల్లంఘన జరిగిందని తేల్చి నష్టపరిహారం నిర్ణయించుకోజాలదని కర్ణాటక ప్రభుత్వానికీ శ్రీ రామేశ్వర రైస్ మిల్స్‌కూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. అదే తీర్పులో, ఉల్లంఘనను ఇరుపక్షాలూ ఒప్పుకుంటే పరిస్థితి వేరుగా ఉంటుందని కూడా ఉంది. కాబట్టి, ‘తెలియక ట్రస్టుకు ఇచ్చాం, దయచేసి క్షమించండి’ అని మీరు సిద్ధం చేసుకున్న ముసాయిదా మీ చేతిలోని అతి పెద్ద రక్షణను మీరే పారేసుకోవడం. క్షమాపణ అన్న మాట జవాబులో ఎక్కడా రాకూడదు. ఉల్లంఘన జరగలేదని స్పష్టంగా నిరాకరించండి, వ్యక్తిగత విచారణ కోరండి, శాఖ ఆధారపడిన తనిఖీ నివేదిక నకలు ఇవ్వమని అడగండి. బాండులోనో మంజూరు ఉత్తర్వులోనో మధ్యవర్తిత్వ షరతు ఉంటే దాన్ని ప్రస్తావించండి.

మీ అజాగ్రత్త గురించి ఒక మాట చెప్పక తప్పదు. తొలి విడత అందింది 2021-22 ఆర్థిక సంవత్సరంలో. జీఎఫ్ఆర్ రూల్ 238 ప్రకారం ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లో, అంటే 2023 మార్చి 31లోగా, జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం పంపాలి. మీరు ఏప్రిల్ 10న పంపారు. పది రోజుల ఆలస్యం పెద్ద తప్పు కాకపోవచ్చు, కానీ రెండో విడత నిరాకరణకు మొదటి సాకు అదే. అంతకంటే తీవ్రమైనది, గ్రాంటు బ్యాంకులో ఉన్న నెలల్లో వచ్చిన వడ్డీని ఆఫీసు అద్దెకు వాడటం. రూల్ 230 ప్రకారం ఆ వడ్డీ భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు చేరాలి. ఆ మొత్తాన్ని వెంటనే లెక్కగట్టి భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా కట్టి చలానా తీసుకోండి. ‘నిబంధన ప్రకారం జమ చేయవలసిన వడ్డీని జమ చేస్తున్నాము, దీనివల్ల ఇతర ఆరోపణలను అంగీకరించినట్టు కాదు’ అన్న వాక్యం లేఖలో తప్పకుండా ఉండాలి.

ఇక అంకెలు చూద్దాం. రూ.28.80 లక్షలపై ఏడాదికి 2.88 లక్షల చొప్పున, 2021 అక్టోబరు నుంచి ఇప్పటికి సుమారు నాలుగేళ్ల మూడు నెలలకు వడ్డీ రూ.12.24 లక్షలు. మొత్తం రూ.41.04 లక్షలు అవుతుంది. బాండులో ‘మొత్తం లేదా కొంత భాగం’ అని ఉంటే, అప్పగింత జరిగిందని ఎవరైనా తేల్చినా, వసూలు ఆ రూ.9.20 లక్షలకే పరిమితం కావాలన్నది మీ ప్రత్యామ్నాయ వాదన. అప్పుడు అదే కాలానికి వడ్డీ రూ.3.91 లక్షలు, కలిపి రూ.13.11 లక్షలు. ఈ వాదనను ‘పై వాదనలకు భంగం కలగకుండా’ అంటూ జవాబులో చివరి అంశంగానే పెట్టాలి. మొదటే పెడితే ఒప్పుకోలుగా చదువుకుంటారు.

జేసీబీ పనిచేసిన చోటు మడ అడవి పక్కనే ఉంటే తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ కిందకు రావచ్చు. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పరిధి ఉంటుంది. అనుమతి లేఖ ఉందో లేదో మీ న్యాయవాదికి ముందే చెప్పండి, విచారణ గదిలో కాదు.

మీ జవాబు ఫిబ్రవరి 26లోగా శాఖకు చేరాలి కనుక, 20వ తేదీకల్లా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అదే రోజు ఈ-మెయిల్ కూడా చేయండి. జవాబును పట్టించుకోకుండా వసూలు ఉత్తర్వు వస్తే, రాష్ట్ర హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి స్టే కోరవచ్చు. ఆ పిటిషన్‌కు జత చేసే కాగితాల్లో మొదటిది 2023 జనవరి నాటి సందర్శకుల పుస్తకం పేజీ అయి ఉండాలి.