ఊపిరి సరే, మనుషుల్నెప్పుడు ఇస్తారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో మెడికల్ బిల్లింగ్ కంపెనీలో నైట్ షిఫ్ట్. తొమ్మిది మంది ఉండే టీమ్‌లో మార్చి నుంచి ఆరుగురమే మిగిలాం. రోజుకు 45 క్లెయిముల టార్గెట్ 60 అయింది. నిద్ర పట్టట్లేదని హెచ్‌ఆర్‌కు చెబితే ప్రతి బుధవారం పావుగంట మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద ధ్యాస పెట్టే ధ్యానం) సెషన్ పెట్టారు, ఫోన్‌లో యాప్ వేయించారు. ఆ పావుగంటలో ఆగిన పని బ్రేక్ మానుకుని చేయాలి. ఒళ్లు మండుతోంది. అబద్ధం ఎందుకు, తిరిగొచ్చేటప్పుడు క్యాబ్‌లో ఊపిరి గమనిస్తుంటే గుండె దడ కొంచెం తగ్గుతోంది కూడా. ఇది మంచిదా, మోసమా? మానేస్తే అప్రైజల్‌లో చూపిస్తారా?

జవాబు: చూడమ్మా, దడ తగ్గడం నిజమే, నీ కోపంలో న్యాయమూ ఉంది. ఒకదాని కోసం రెండోది వదులుకోకు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా ఒకసారి సెలవు పెట్టి వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. ఫీజు లేదు, మాటలు లేవు, తెల్లవారుజామున నాలుగింటికి గంట. మొదటి మూడు రోజులూ ముక్కు కింద, పై పెదవి మీద ఊపిరి తగిలే ఆ కాస్త చోటును కనిపెట్టుకుని ఉండటమే పని. కోపం నోటిదాకా రాకముందే నా చెవులు వేడెక్కుతాయని అక్కడే తెలిసింది. ఆ తర్వాత కౌంటర్లో ఎవరైనా అరిస్తే చెవులు చెప్పేవి, నేను ఒక్క క్షణం ఆగేదాన్ని. అందుకే దీన్ని మోసం అనలేను.

అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మాసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఈ మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మొదలుపెట్టింది దీర్ఘకాలపు నొప్పులతో బాధపడే రోగుల కోసం. ఎనిమిది వారాల శిక్షణ, రోజూ ఇంట్లో ముప్పావుగంట సాధన. నీకు దక్కేది వారానికి పావుగంట. 2014లో 47 వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన సమీక్షలో ధ్యానంతో ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గాయని తేలింది. వ్యాయామం కంటేనో మందుల కంటేనో మెరుగని మాత్రం తేలలేదు.

ఇక నీ కోపం సంగతి. 2016 నవంబర్లో నోట్లు రద్దయినప్పుడు మా బ్రాంచిలో నలుగురు ఉండాల్సిన క్యాష్‌లో ఇద్దరమే. షట్టర్ తీయకముందే జనం మెట్ల మీద ఉండేవాళ్లు. స్పాంజి డబ్బాలో నీళ్లు ఆరిపోయినా పోసుకునే తీరిక లేక, లెక్కపెట్టీ పెట్టీ బొటనవేలు పగిలింది. జనవరిలో ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టారు. చెప్పినాయన మంచివాడు, గొంతు చల్లగా ఉంది. కళ్లు మూసుకోగానే నాకు ఏడుపు ఆగలేదు. సోమవారం వెళ్లేసరికి ఆ రెండు కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి. మాకు కావలసింది ఇంకో ఇద్దరు క్యాషియర్లమ్మా.

బ్రిటన్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు 233 సంస్థల్లోని 46 వేల మందికి పైగా ఉద్యోగుల సమాచారం చూసి 2024లో ప్రచురించారు. ఇలాంటి శిక్షణలు, యాప్‌లు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే బాగున్నట్టు ఆయనకు కనిపించలేదు. పని పద్ధతులనే మార్చాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నవుట్‌ను, అంటే పనితో పూర్తిగా డీలాపడిపోవడాన్ని, జబ్బుల్లో కలపకుండా, పనిచోట సర్దుబాటు కాని దీర్ఘకాలపు ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. బుద్ధుడి అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి (సరైన ఎరుక) ఒక్కటే లేదు, సమ్యగాజీవం (న్యాయమైన బతుకుతెరువు) కూడా ఉంది. ఆఫీసులు మొదటిది తీసుకుని రెండోదాన్ని వదిలేస్తున్నాయని నాకు బాధ.

క్యాబ్‌లో చేసేది మానకు, అది నీ కోసం. కళ్లు మూస్తే భయం పెరిగితే తెరిచే ఉంచు, కొందరికి అలా అవుతుంది. సెషన్ విషయంలో ఒంటరిగా ఎదురుతిరగొద్దు. అప్రైజల్‌లో ఏం చేస్తారో నేను హామీ ఇవ్వలేను, అందుకే ఆరుగురూ కలిసి వెళ్లండి. రెండు వారాల పాటు ఎన్ని క్లెయిములు చేశారో, ఏ రోజు బ్రేక్ పోయిందో తేదీలతో రాసుకోండి. ఆ లెక్కతో మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు ఒకే మెయిల్ పెట్టండి. సెషన్ ఇష్టమైనవాళ్లకే ఉండాలని, బుధవారం ఆ పావుగంటకు సరిపడా టార్గెట్ తగ్గించాలని, ఖాళీ అయిన మూడు సీట్లు ఎప్పటికి నింపుతారో చెప్పాలని అడగండి. మూడోది తప్పకుండా రాయండి.

ఈలోగా డాక్టర్‌కు చూపించుకో. దడకు రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మెయిల్‌కు జవాబు రాగానే నాకు రాయి. ఆ మూడు సీట్ల గురించి ఏమన్నారో ముందు అది చెప్పు.