గీజర్ సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కారుతుంటే ముందుగా చూడవలసినవి

హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు, మిద్దె మీద ట్యాంకు, ఈ మధ్య పెట్టించిన ప్రెషర్ పంపు. అప్పటి నుంచి కింది బాత్రూంలోని 15 లీటర్ల గీజర్ సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కారుతున్నాయని, ప్లంబరు దానికి డమ్మీ, అంటే నీళ్ళు రాకుండా మూసేసే బిరడా, బిగిస్తానంటున్నాడని మీరు రాశారు. దయచేసి బిగించనివ్వకండి. లోపల పెరిగిన ఒత్తిడి బయటకు పోయే దారి అదొక్కటే కావచ్చు. దాన్ని మూసేస్తే ఒత్తిడి భారమంతా గీజర్ ట్యాంకు అతుకుల మీద పడుతుంది.

మా ఇంట్లోనూ పంపు పెట్టించాకనే ఇది మొదలైంది. నీళ్ళు ఎప్పుడు కారుతున్నాయో గమనిస్తే కారణం చాలా వరకు తెలిసిపోతుంది. మా వాల్వు తెల్లవారుజామున స్విచ్చి వేసిన కాసేపటికి చుక్కలు రాల్చడం మొదలుపెట్టి, నల్లా తిప్పగానే ఆగిపోయేది. వేడి నీటి వైపున్న హ్యాండ్ షవర్ పాయింటుకు ప్రెషర్ గేజి బిగించి చూస్తే, చల్లగా ఉన్నప్పుడు 2 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉన్న ముల్లు, ఏ నల్లా తిప్పకుండా గీజర్ వేడెక్కుతున్న కొద్దీ పైకి పాకి, 8కి చేరువ కాగానే చుక్క రాలడం, ముల్లు కొంచెం దిగి మళ్ళీ ఎక్కడం కనిపించింది. గేజిని చల్లనీటి పైపుకు బిగిస్తే ఇదేమీ తెలియదు, ఎందుకంటే గీజర్ మొదట్లో బిగించిన, నీళ్ళను ముందుకే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు ఆ ఒత్తిడిని వెనక్కి రానివ్వదు.

ఇందులో పంపు తప్పేమీ లేదు. 20 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తాయి, అంటే 15 లీటర్లకు 230 మిల్లీలీటర్ల దాకా, ఒక స్టీలు గ్లాసెడు నీళ్ళు అదనంగా చోటు అడుగుతాయి. వెనక్కి వెళ్ళే దారి ఉంటే అవి మిద్దె మీది ట్యాంకు వైపు సర్దుకుంటాయి. పంపుతో పాటు కొత్త నాన్ రిటర్న్ వాల్వు బిగించినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. నీరు దాదాపు నొక్కుడుపడని పదార్థం కనుక కొద్దిపాటి వ్యాకోచానికే ఒత్తిడి ఎగబాకుతుంది.

బ్రిటన్‌లో ఇళ్ళను వేడి చేసే బాయిలర్ల విషయంలోనూ ముందుగా చూసేది ఒత్తిడి ఎప్పుడు పెరుగుతోందన్నదే. అక్కడ చల్లగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండవలసిన ముల్లు వేడెక్కినప్పుడు మాత్రమే 3కి ఎగబాకితే, వ్యాకోచాన్ని ఇముడ్చుకునే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి తగ్గిందని అనుమానిస్తారు. బాయిలర్ ఆపి ఉన్నా పెరుగుతుంటే నీళ్ళు నింపే వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో చూస్తారు.

మీ వాల్వు గీజర్ ఆపి ఉన్నా కారుతుంటే పంపు ఆపి, ఒక నల్లా తిప్పి ఒత్తిడి దించి చూడండి. మిద్దె మీది ట్యాంకు గీజర్ కంటే 8 మీటర్ల ఎత్తున ఉన్నా దాని ఒత్తిడి 0.8 బార్ మించదు. దానికే కారుతున్నదంటే వాల్వు సీటు మీద బోరు నీళ్ళ సున్నం పేరుకున్నట్టే. గీజర్ చల్లారాక వాల్వు మీది చిన్న మీటను రెండు మూడు సార్లు ఎత్తి వదిలితే చాలాసార్లు సరిపోతుంది, లేకపోతే వాల్వు మార్చడమే మేలు. నీళ్ళు సలసల కాగుతూ, ఎర్ర దీపం ఎంతకూ ఆరకపోతే మాత్రం అనుమానించవలసింది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను. అప్పుడు ఎంసీబీ దించి మెకానిక్‌ను పిలవండి.

వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే, నాన్ రిటర్న్ వాల్వుకూ గీజర్‌కూ మధ్య చిన్న ఎక్స్‌పాన్షన్ వెసెల్ పెట్టించవచ్చు. దాని గాలి ఒత్తిడిని మీ చల్లనీటి ఒత్తిడికి సమానంగా, లోపల నీళ్ళు లేనప్పుడు నింపాలి. చలికాలపు నాలుగు నెలలే వాడే గీజర్‌కు అంత ఖర్చు అవసరమని నాకు అనిపించలేదు. వాల్వు కారే మూతికి వేడిని తట్టుకునే సన్నని పైపు తగిలించి నేల మీది జాలీ దాకా దించుకున్నాను. ఆ పైపు రెండో కొసను ఎప్పుడూ మూయకూడదు, మధ్యలో ఎక్కడా మడత పడకూడదు.