ఐర్లాండ్‌లో మా వారి బిజినెస్ ఆదాయం పడిపోయింది, కేరర్స్ అలవెన్స్‌కి మళ్లీ అప్లై చేయొచ్చా?

మీ బాబుకి ఆటిజం, అలాంటి పిల్లల సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే డొమిసిలియరీ కేర్ అలవెన్స్ వస్తోంది. 2023లో మీరు కేరర్స్ అలవెన్స్ (ఇంట్లో ఒకరిని చూసుకునేవాళ్లకు కుటుంబ ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) అడిగితే మీ వారి కేటరింగ్ ఆదాయం ఎక్కువుందని ఇవ్వలేదు. ఇప్పుడు ఆర్డర్లు సగానికి పడిపోయాయి, అప్పీల్ చేయాలా, మళ్లీ అప్లై చేయాలా అని కదా మీ ప్రశ్న.

అప్పీల్ అక్కర్లేదండీ. అప్పటి ఆదాయానికి అప్పటి నిర్ణయం సరిపోయింది, ఇప్పుడు పరిస్థితి వేరు. కొత్తగా కేరర్స్ అలవెన్స్ దరఖాస్తు, అంటే సీఆర్1 ఫారం పెట్టండి. మేమూ డబ్లిన్‌లోనే ఉంటాం. మా ఆయన ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. పెద్ద క్లయింట్ ఒకరు కాంట్రాక్టు ఆపేశాక మా పాప కోసం నేను అప్లై చేశాను, వచ్చింది.

అసలు మీ వారి ఆదాయం తగ్గకపోయినా మీరు మళ్లీ అడగాల్సిందే. 2023లో భార్యాభర్తలిద్దరి ఆదాయంలో లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే మొత్తం వారానికి 750 యూరోలు. 2024 జూన్‌లో 900 చేశారు, 2025 జూలైలో 1,250 అయింది. 2026 జూలై నుంచి 2,000 చేస్తామని బడ్జెట్‌లో ప్రకటించారు. పరిమితి కాస్త దాటితే మొత్తం పోతుందని కూడా అనుకోకండి, తగ్గించి ఇస్తారు.

ఇక అసలు చిక్కు సొంత వ్యాపారం వాళ్లది. ఉద్యోగస్తులైతే పేస్లిప్ చూపిస్తే అయిపోతుంది. మన దగ్గర ఉండేది పోయిన ఏడాది టాక్స్ రిటర్న్, అందులో మంచి రోజుల ఆదాయమే కనిపిస్తుంది. కానీ అలవెన్స్ ఇచ్చే శాఖవాళ్లు లెక్కగట్టాల్సింది రాబోయే 12 నెలల్లో ఎంత రావొచ్చన్నది. పాత ఏడాది అంకె ఒక అంచనాకే. కాబట్టి ఆ కాగితం ఒక్కటే పంపి ఊరుకుంటే మళ్లీ అదే జవాబు రావొచ్చు. ఏం మారింది, ఎందుకు మారింది, ఏడాదిలోపు ఎందుకు కోలుకోదు అన్నది మీరే చూపించాలి.

మేం అకౌంటెంట్‌తో ఈ ఏడాది ఇప్పటిదాకా వచ్చిన ఆదాయం, ఖర్చులు ఒక పేజీలో రాయించాం. దానికి క్లయింట్ పంపిన ఈమెయిల్, ఇన్‌వాయిస్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు జతచేశాం. మీకైతే రద్దయిన ఆర్డర్ల మెసేజ్‌లు, సరుకుల బిల్లులు, వ్యాన్ ఇన్సూరెన్స్ లాంటివి పనికొస్తాయి. ఖర్చులు పోగా మిగిలేదే ఆదాయం, అందుకని రసీదులు పారేయకండి.

స్టేట్‌మెంట్లు పంపేముందు ఒకసారి మీరే కూర్చుని చూసుకోండి. మా ఆదాయం చూడ్డానికి శాఖ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రతి పెద్ద జమ దగ్గరా పెన్ను ఆపి "ఇదేమిటి?" అని అడిగారు. ఒకటి మా బావగారు ఇండియా నుంచి పంపిన చేబదులు. వ్యాపారం డబ్బు కాదని చూపడానికి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం తెప్పించాల్సి వచ్చింది. మనిషి మర్యాదగానే మాట్లాడారు కానీ నాకు టెన్షన్ మాత్రం తగ్గలేదు.

మనవాళ్లు చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. మీరుంటున్న ఇల్లు లెక్కలోకి రాదు గానీ హైదరాబాద్‌లో ఫ్లాట్, ఊళ్లో స్థలం లాంటివి వస్తాయి. పొదుపులతో కలిపి మొదటి 50,000 యూరోలు వదిలేస్తారు, ఆపైన ఉన్నదానికి వారానికి ఇంత ఆదాయమని కడతారు. "అది ఇండియాలో ఉంది కదా" అని దాచొద్దు.

బాబుకి డొమిసిలియరీ వస్తోంది కాబట్టి డాక్టర్ రిపోర్టు గొడవ మీకు లేదు. మీరు బయట ఉద్యోగం చేస్తుంటే అది వారానికి పద్దెనిమిదిన్నర గంటలు దాటకూడదు.

లెక్కలన్నీ తేలాక పంపుదామని ఆగకండి. ఫారం అందిన తేదీ ముఖ్యం, కాగితాలు తర్వాత పంపొచ్చు. పంపిన ప్రతిదానికీ కాపీ ఉంచుకోండి. ఫారం నింపడంలో అనుమానాలుంటే దగ్గర్లోని సిటిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌లో ఉచితంగా సాయం చేస్తారు.

అలవెన్స్ వచ్చాక ఆర్డర్లు మళ్లీ పుంజుకుంటే వెంటనే చెప్పేయండి, లేకపోతే ఎక్కువిచ్చింది వెనక్కి వసూలు చేస్తారు. ఈ డబ్బు మీద టాక్స్ కూడా ఉంది. మీ వారి టాక్స్ రిటర్న్ (ఫారం 11) వేసేటప్పుడు కలపమని అకౌంటెంట్‌కి ముందే చెప్పి ఉంచండి.