రేకు కారు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఫొటోలు కూడా చూశాను. కీ తిప్పితే నడిచే ఎర్ర రేకు బొమ్మ కారు, పక్కన కీ పెట్టే కన్నం, పైకప్పు మీద బొటనవేలంత సొట్ట, వెనక చక్రం ఒకటి లేదు. సెకండ్ హ్యాండ్ సామాన్ల కుప్పలో చూడగానే చేతిలోంచి వదల్లేకపోయానన్నావు. ఆ మాట నమ్మాను. వ్యాసాన్ని మాత్రం నమ్మలేకపోయాను. సగానికి పైగా బాల్యం గురించి, గడిచిపోయిన కాలం గురించి ఉంది. కారు గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే. "కీ తిప్పితే అరచుట్టు తిరిగి ఆగిపోయింది, లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు" అని రాశావు చూడు, అది చదివి కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. మిగతాదంతా ఎవరైనా, ఏ పాత వస్తువు గురించైనా రాసేయగలరు.

కారును ఇంకా విప్పలేదన్నావు. మంచిది. బాగుచేయడం గురించీ రాయడం గురించీ కలిపే చెబుతాను. నేను ఆ రెంటినీ ఎప్పుడూ విడివిడిగా నేర్చుకోలేదు.

ముందు దాన్ని తుడవకు. తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో, భూతద్దం పట్టుకుని ఒక గంట చూడు. పక్కన నోట్‌బుక్ పెట్టుకో. రంగు అంచుల దగ్గర చూస్తే ఎరుపు నల్లగీత దాటి కాస్త పక్కకు జరిగి కనిపిస్తుంది. అది పెయింటర్ చేయి తడబడటం వల్ల వచ్చింది కాదు. ఇలాంటి బొమ్మల మీద ఉన్నది చాలావరకు అచ్చు. తగరపు పూత పూసిన పల్చటి ఉక్కు రేకును పరిచి, ఒక్కో రంగూ విడివిడిగా దాని మీద అచ్చువేసి, ఆ తర్వాతే కత్తిరించి, ప్రెస్సులో వంచి కారు చేస్తారు. అప్పట్లో బొమ్మను చదునైన రాయి మీద గీసి అచ్చువేసేవాళ్లు, గట్టి రేకు మీద ఆ రాయితో నేరుగా అచ్చువేస్తే సరిగా పడదు. అందుకని రాయి మీది బొమ్మను ముందు ఒక సిలిండర్ మీదికి ఎక్కించి, అక్కడి నుంచి రేకు మీదికి దించే పద్ధతికి 1875లో ఇంగ్లండులో రాబర్ట్ బార్‌క్లే పేటెంటు తీసుకున్నాడు. కాగితం అచ్చులో ఆఫ్‌సెట్ అంటున్నామే, అది ముందు రేకు మీదే మొదలైందన్నమాట. నీ కారు కిటికీలో డ్రైవర్ ముఖం కొంచెం సాగినట్టుందని రాశావు, కానీ కారణం వెతకలేదు. చదునుగా ఉన్నప్పుడు గీసిన ముఖం, రేకు వంగిన చోట సాగింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ వాక్యం పక్కన ఇంకో మంచి వాక్యం దానంతటదే వస్తుంది.

అడుగు భాగం మీది అక్షరాలు చదువు. ఉన్నది ఉన్నట్టు, చెరిగిన అక్షరంతో సహా రాసుకో. 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ మీద సాగిన మిత్రరాజ్యాల ఆక్రమణ 1952లో ముగిసింది కాబట్టి బొమ్మ దానికి ముందుదని తెలుస్తుంది. 'డి.ఆర్.జి.ఎం.' అని ఉంటే జర్మనీలో రిజిస్టరైన నమూనా. నీ ఫొటోలో 'జపాన్' ఒక్కటే కనిపిస్తోంది, దాని ముందు తుప్పు మరక ఉంది. మరక కింద ఏముందో తెలియకుండా సంవత్సరం రాసేశావు. అది తీసెయ్యి. నువ్వు రాసిన ఒక్క తేదీ తప్పని పాఠకుడికి తెలిస్తే, ఇసుక నలిగిన చప్పుడును కూడా నమ్మడు.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక తప్పు చెబుతాను. నేను మొదట బాగుచేసింది రేకు బస్సు. కిటికీల్లో ప్రయాణికుల ముఖాలు అచ్చువేసి ఉండేవి. ఒక కిటికీ మీద జిగురు మరక కనిపించింది. తడిగుడ్డతో పోలేదు. తొందర ఎక్కువైంది, నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది ఒక్కసారి రుద్దాను. మరక పోయింది. దాంతోపాటు టోపీ పెట్టుకున్న ఒకావిడ ముఖమూ పోయింది. దూది మీద గులాబీ రంగు, కిటికీలో మెరిసే ఖాళీ రేకు. ఆ అచ్చు పొర ఎంత పల్చనో నాకు అంతవరకూ తెలియదు. చాలాసేపు ఆ దూదిని పారేయలేకపోయాను.

తర్వాత ఆ బస్సు గురించి వ్యాసం రాశాను. ఆ ముఖం సంగతి దాచాను. 'కాలం కొన్ని ముఖాలను చెరిపేసింది' అని రాశాను. అప్పట్లో నాకు చాలా నచ్చిన వాక్యం అది. చెరిపింది కాలం కాదు, నేను. రెండేళ్ల తర్వాత ఆ వాక్యాన్ని కొట్టేసి, దూది, మరక, ఆవిడ టోపీ, అన్నీ రాశాను. అప్పుడే అది నా వ్యాసం అయింది. నీ వ్యాసంలో కూడా 'కాలం' ఏడుసార్లు ఏదో ఒక పని చేస్తోంది. ప్రతిచోటా ఆగి, నిజంగా ఆ పని ఎవరు చేశారో చూడు.

కాబట్టి తుడిచేటప్పుడు థిన్నర్, అసిటోన్, స్పిరిట్ దగ్గరికి రానీకు. గోరువెచ్చటి నీళ్లలో చుక్క సబ్బు, అందులో ముంచి బాగా పిండిన ఇయర్ బడ్ చాలు. ముందు అడుగున కనిపించని చోట పరీక్షించు. బడ్‌కు మురికి అంటితే సరే, రంగు అంటితే ఆపెయ్యి. తుడిచిన చోటల్లా వెంటనే ఆరబెట్టు. రేకు మడతల్లో నీరు నిలిస్తే లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అమెరికాలో బొమ్మల రంగుల్లో సీసం 0.06 శాతం దాటకూడదన్న నిషేధం వచ్చిందే 1978లో. అందుకని గరుకు కాగితంతో పొడిపొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకు, పని కాగానే చేతులు కడుక్కో, చిన్నపిల్లల చేతికి దాన్ని ఇవ్వకు.

ఇక విప్పడం. ఇక్కడ నిదానంగా ఉండాలి. వీటికి స్క్రూలు ఉండవు. పై రేకుకున్న చిన్న నాలుకలు అడుగు రేకు చీలికల్లోంచి బయటికొచ్చి వంగి ఉంటాయి. వంచిన ప్రతిసారీ ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. రెండు మూడుసార్లు వంచితే తెగిపోతుంది. ఫ్యాక్టరీలో ఒకసారి వంగింది. నువ్వు తెరిచేది రెండోసారి, మూసేది మూడోసారి. నీకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే అనుకో. పల్చటి స్క్రూడ్రైవర్ మొన కింద దూర్చి కొంచెం లేపి, తర్వాత పట్టకారుతో నెమ్మదిగా నిటారుగా చెయ్యి. చీలికలోంచి జారేంత వస్తే చాలు, పూర్తిగా చదును చేయనక్కర్లేదు.

అంతకంటే ముందు స్ప్రింగు. కీ అరచుట్టులో ఆగిందంటే స్ప్రింగు విప్పుకుని ఉందని కాదు, పూర్తిగా చుట్టుకుని ఇరుక్కుని ఉండొచ్చు. ఆ స్ప్రింగు అంచులు బ్లేడులా ఉంటాయి, ఒక్కసారిగా విచ్చుకుంటే వేళ్లు తెగుతాయి. కారు విప్పాక కూడా స్ప్రింగు ఉన్న ఫ్రేమును విప్పకు. చక్రాల ఇరుసుల దగ్గర, పళ్లచక్రాల దగ్గర కాస్త కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలెయ్యి, రంగు రేకుకు తగలకుండా చూసుకో. ఎండి గట్టిపడిన పాత గ్రీజు కరిగితే చాలాసార్లు అదే కదులుతుంది. కీని గట్టిగా పట్టుకునే ఉండి, మెల్లగా వెనక్కి తిరగనివ్వు. అన్నట్టు, నువ్వు 'లోపలి యంత్రం' అని ఆరుసార్లు రాశావు. లోపల స్ప్రింగు ఉంది, పళ్లచక్రాలు ఉన్నాయి, ఇరుసు ఉంది. పేరున్న వాటిని పేరుతో పిలువు.

రేకు విడిపోగానే చేతులు ఆపి లోపలి వైపు చూడు. 1945లో, యుద్ధం ముగిసిన ఆ ఏడాదే, జపాన్‌లోని ఓట్సులో కొసుగే మత్సుజో అనే ఆయన ఆక్రమణ సైన్యం పారేసిన ఖాళీ డబ్బాల రేకుతో చిన్న జీపులు చేశాడు. ఆ రోజుల బొమ్మలు కొన్నిటిని విప్పితే లోపల డబ్బా మీది పాత అచ్చు అలాగే ఉంటుంది. నేను ఒకసారి చూశాను. బయట నీలం రంగు కారు. లోపల పసుపు పట్టీ, తలకిందులుగా రెండున్నర అక్షరాలు, మూడోది కత్తిరింపులో పోయింది. నీ దాంట్లో ఉండకపోవచ్చు. ఉన్నా లేకపోయినా, లోపల కనిపించిందేదో కదిలించకముందే రాసుకో. పిల్లల చేతుల్లోంచి జారిన చిన్న చిన్న వస్తువులు కూడా దొరుకుతుంటాయి.

సొట్ట సంగతి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుండ్రటి మొన ఉన్న కర్రతో లోపల్నుంచి, మెత్తటి గుడ్డ మడత మీద పెట్టి, కొంచెం కొంచెంగా నొక్కు. సుత్తి వద్దు. పూర్తిగా పోకపోయినా ఫర్వాలేదు. పోయిన చక్రానికి మరో పాడైన బొమ్మది పెట్టొచ్చు, పెడితే ఆ సంగతి వ్యాసంలో రాయి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది నీ మూడో ఫొటోలో ఉంది. నువ్వు దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. కీ పెట్టే కన్నం చుట్టూ, పైవైపు మాత్రమే, అర్ధచంద్రాకారంలో రంగు పోయి తుప్పు పట్టిన గీత. పెద్దది చేసి చూడు. కారు పక్క రేకు అక్కడ కొంచెం ఉబ్బింది, కీ రెక్క తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బును రాసుకుంటూ పోయింది. ముందు వార్నిష్ పోయింది, తర్వాత ఎరుపు, ఆ తర్వాత తగరం. తగరం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే ఉక్కును కాపాడుతుంది. గీత పడిందా, ఆ చోట ఉక్కును తుప్పు ఇంకా త్వరగా తింటుంది. అంటే ఆ గీత పడటానికి ఎవరో ఆ కీని వందలసార్లు తిప్పి ఉండాలి. వ్యాసంలో నువ్వు బాల్యం అని పేజీలకు పేజీలు వెతికింది అదే తమ్ముడూ. వేలి గోరంత ఉంది.

దాని మీద ఎరుపు వేసి కప్పేస్తావేమో అని నాకు టెన్షన్‌గా ఉంది, అందుకే ఇంత ఉత్తరం. కొత్త రంగు ఎంత బాగా కలిసినా అక్కడ కథ పోతుంది, ఆ పాత అచ్చు మళ్లీ రాదు. తుప్పు ముదరకుండా ఆపితే చాలు. రంగు మీదికి వెళ్లకుండా, తుప్పు ఉన్నంత మేర మాత్రమే, సన్నటి పుల్ల చివర గుడ్డ చుట్టి నూనె అద్ది మెల్లగా రుద్దు. వదులుగా ఉన్న పొడి వచ్చేస్తుంది. నూనె బాగా తుడిచేసి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం, అంటే పెట్రోలియం నుంచి తీసే సన్నటి స్ఫటికాల మైనం, పల్చగా పట్టించు. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు 1950లలో తయారుచేసిన రినైసాన్స్ వ్యాక్స్ అలాంటిదే. కావాలంటే రేపు ఎవరైనా దాన్ని తీసేయొచ్చు. తీసేయగలిగిన పనే చెయ్యి, తీయలేనిది చేయాలనిపిస్తే ఒక వారం ఆగు.

వ్యాసంలో మొదటి రెండు పేజీలు తీసి పక్కన పెట్టు. కన్నం చుట్టూ ఉన్న గీతతో మొదలుపెట్టి చూడు. భయమేసిన చోట భయమేసిందని రాయి. నాలుక తెగితే తెగిందని రాయి, ఏ నాలుకో కూడా. స్ప్రింగు కదిలిన మొదటి చప్పుడు ఎలా ఉందో అప్పటికప్పుడు, చేతులకు గ్రీజు ఉండగానే నోట్‌బుక్‌లో రాసుకో. పేజీకి మరక అయితే కానీ.

విప్పిన రోజు నాకు ఉత్తరం రాయి. తుడవకముందు లోపల ఏముందో చెప్పు. 'జపాన్' ముందున్న ఆ మరక కింద అక్షరాలు ఉన్నాయో లేవో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఆశీస్సులతో,
అక్క