డాలస్ మైదానాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

డాలస్, ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కల ఉంటున్న పాఠకులూ, పిల్లల దగ్గరికి అక్కడికి వెళ్లబోతున్న తల్లిదండ్రులూ పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: మా అబ్బాయి ఇర్వింగ్‌లో ఉంటాడు. నవంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. థాంక్స్‌గివింగ్ రోజున డాలస్ కౌబాయ్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు తీసుకెళ్తానంటున్నాడు. మాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. మా వారికి మోకాళ్ల నొప్పులు, షుగరు. వెళ్లొచ్చా?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా. 1966 నుంచి ఇప్పటిదాకా, 1975, 1977 తప్పించి, కౌబాయ్స్ ప్రతి థాంక్స్‌గివింగ్ గురువారం సొంత మైదానంలో ఆడుతూనే ఉన్నారు. భోజనాలు ముగించుకుని మధ్యాహ్నం మూడున్నరకల్లా ఈ ఆట ముందు కూర్చోవడం అక్కడి ఇళ్లలో పండగలో భాగమే. దాన్ని మైదానంలో చూసే అవకాశం వదులుకోకండి.

అయితే టికెట్లు కొనకముందే అబ్బాయికి రెండు సంగతులు చెప్పండి. చవగ్గా కనిపించే ‘పార్టీ పాస్’కు కుర్చీ ఉండదు. మూడు గంటలకు పైగా నిలబడాలి, అది మీకు పనికిరాదు. 400 నంబర్ల సెక్షన్లు పై అంతస్తులో ఉంటాయి. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్లకు కింది అంతస్తులే మేలు. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం విడిగా కేటాయించిన సీట్లున్నాయి. వాటిని టికెట్ కొనేటప్పుడే ఎంచుకోవాలి, గేటు దగ్గరికి వెళ్లాక మార్పించుకోవడం కష్టం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ స్టేడియం తూర్పు పడమరలుగా ఉంది, రెండు కొసలా పెద్ద పెద్ద అద్దాలున్నాయి. నవంబరు సాయంత్రం ఎండ పడమటి అద్దాల్లోంచి ఏటవాలుగా లోపలికి కొడుతుంది. తూర్పు కొసన కూర్చున్నవాళ్లకు మొదటి సగమంతా ఎండ కళ్లలోనే. 2024 నవంబరులో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆడుతున్నప్పుడు కౌబాయ్స్ ఆటగాడు సీడీ లాంబ్ అంతటివాడికే ఆ వెలుగులో బంతి కనపడలేదు, ఆరు పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ చేజారింది. తూర్పు వైపు టికెట్లే దొరికితే టోపీ, చలువ కళ్లద్దాలు పెట్టుకోండి.

మైదానం ఆర్లింగ్టన్‌లో ఉంది. అక్కడికి రైలు పోదు, కారే గతి. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. ఆట ముగిశాక 80,000 మంది ఒక్కసారిగా బయటికొస్తారు. ఆ అరగంటలో క్యాబ్ పిలిస్తే రేటు ఆకాశంలో ఉంటుంది, పైగా కారు ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ చాలా దూరం నడవాలి. లోపల ఇంకో ముప్పావుగంట కూర్చుని నింపాదిగా కదలండి. టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి. జనం ఎక్కువైనప్పుడు నెట్‌వర్క్ మొరాయిస్తుంది కాబట్టి ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లో భద్రపరుచుకోమనండి.

మీ మామూలు హ్యాండ్‌బ్యాగు లోపలికి రానివ్వరు. 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి ఒకటి, దానితోపాటు నాలుగున్నర అంగుళాలకు ఆరున్నర మించని చిన్న పర్సు. అంతే. బయటి తిండి కుదరదు. షుగరు మందులు, ఇన్సులిన్ వైద్య అవసరమని గేటు దగ్గర చెబితే తనిఖీ చేసి పంపుతారు. ప్రిస్క్రిప్షన్ దగ్గరుంచుకోండి. ఇంటి నుంచి తిని బయల్దేరండి.

ఇక ఆట. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి. మూడు అయిపోయినా గజాలు మిగిలిపోతే, నాలుగోసారి సాధారణంగా బంతిని దూరంగా తన్నేస్తారు. దగ్గర్లో ఉంటే గోల్ కర్రల మధ్యకు తన్ని 3 పాయింట్లు తీసుకుంటారు. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని వెంటనే తన్నే తన్నుకు ఇంకొకటి. ఆ పది గజాల హద్దును చూపిస్తూ టీవీలో కనిపించే పసుపు గీత మైదానంలో ఉండదు. అందుకే మొదటిసారి వెళ్లినవాళ్లు తికమకపడతారు. పక్క గీత మీద నారింజ రంగు కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూస్తుండండి, బంతి చేరాల్సింది ముందున్న కర్ర దాకా.

చప్పుడు విషయంలో మన అలవాటు తిరగేయాలి. మనవాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండాలి, ఎందుకంటే బంతి అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట తోటివాళ్లకు వినపడాలి. ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు, అందులోనూ మూడో అవకాశంలో, గొంతు చించుకుని అరవాలి. ఆ అరుపుకే ఎదుటి జట్టు తడబడుతుంది. మీ వారికి ఇది తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న: స్టార్స్ హాకీ ఆటకు వెళ్తే జాతీయగీతం మధ్యలో జనం అరిచారు. అది అగౌరవం కాదా?
– కొప్పెల్ పాఠకుడు

జవాబు: కాదండీ. గీతంలో ‘స్టార్’ అన్న మాట రెండు చోట్ల వస్తుంది. ఆ రెండు చోట్లా ప్రేక్షకులు ‘స్టార్స్’ అని గట్టిగా పలకడం ఈ జట్టు అభిమానుల ఆనవాయితీ. 1993లో మిన్నెసోటా నుంచి వచ్చిన జట్టు ఇది. 1999లో హాకీ లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచింది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరతానంటున్నాడు. చదువు పోతుందని, దెబ్బలు తగులుతాయని భయం. ఇక మా అమ్మాయి హోమ్‌కమింగ్‌కు (పాత విద్యార్థులు బడికి వచ్చే పండగకు) ‘మమ్’ కావాలంటోంది, అదేమిటో అర్థం కావడం లేదు.
– ఫ్రిస్కో పాఠకురాలు

జవాబు: డాలస్ ఆటల సంస్కృతి అసలు వేరు ఇక్కడే ఉందని మా నమ్మకం. కౌబాయ్స్‌ను అర్థం చేసుకోవాలన్నా ముందు శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆట చూడాలి. పక్కనే ఉన్న ఆలెన్‌లో ఒక్క హైస్కూలు కోసం 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు. 2012లో తెరిచి, కాంక్రీటు పగుళ్లతో 2014లో మూసి, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. మీ ఫ్రిస్కోలోనైతే కౌబాయ్స్ సాధన చేసే ‘ది స్టార్’లోని 12,000 సీట్ల ఫోర్డ్ సెంటర్‌లో బడి పిల్లలూ ఆడతారు. ఒకే మైదానాన్ని చాలా స్కూళ్లు పంచుకుంటాయి కాబట్టి కొన్ని ఆటలు గురువారమే జరుగుతాయి, షెడ్యూల్ చూసుకోండి.

చదువు సంగతికి టెక్సాస్‌లో 1984 నుంచి గట్టి కట్టుబాటు ఉంది. ‘పాసవ్వకపోతే ఆట లేదు’ అంటారు. గ్రేడింగ్ కాలం చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో ఆడనివ్వరు, సాధనకు మాత్రం రానిస్తారు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి పాఠాలు) వంటి కొన్ని కష్టమైన కోర్సులకు మినహాయింపు ఉంది. మన తల్లిదండ్రులు అలాంటివి ఎక్కువగా తీసుకోమంటారు కాబట్టి మీ వాడి కోర్సుల్లో వేటికి వర్తిస్తుందో కౌన్సెలర్‌ను ముందే అడగండి. ఆడే పిల్లలు సమయం పద్ధతిగా వాడుకోవడం నేర్చుకుంటారు. చదువు పోతుందన్న ఒక్క కారణంతో వద్దనకండి.

దెబ్బల భయం మాత్రం న్యాయమైనదే. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆ క్షణమే బయటికి తీసుకురావాలి. ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. డాక్టరు రాసిచ్చాకే తిరిగి మొదలుపెట్టాలి. ఇది 2011 నుంచి అక్కడి చట్టం. పిల్లలు జట్టులో చోటు పోతుందని తలనొప్పిని దాస్తారు. ఆట ముగిసిన రాత్రి వెలుతురు చూడలేకపోవడం, వాంతి, అడిగిందే మళ్లీ అడగడం లాంటివి కనిపిస్తే మీరే కోచ్‌కు, డాక్టరుకు చెప్పాలి.

హెల్మెట్ కొలత ఇంట్లోనూ చూడొచ్చు. ముందు అంచు కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తున ఉండాలి. దవడ ప్యాడ్లు చెంపలకు ఆనాలి. ముందరి జాలీ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారుతుంటే అది వదులు. జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకున్నాక తప్పనిసరిగా మళ్లీ చూడండి, వదులయ్యేది ఎక్కువగా అప్పుడే. సాధన ఆగస్టు ఎండలో మొదలవుతుంది. ముందూ తర్వాతా బరువు చూసుకుని, తగ్గినదాన్ని బట్టి నీళ్లు తాగించండి.

ఫుట్‌బాల్ వద్దనుకుంటే మార్చింగ్ బ్యాండ్ ఉంది. సగం విరామంలో మైదానమంతా వాళ్లదే. దానికి వ్యాయామ క్రెడిట్ కూడా ఇస్తారు.

ఇక మమ్. అది మన చామంతే. క్రిసాంథిమమ్ పేరు చివరి ముక్క అది. ఒకప్పుడు నిజమైన చామంతి పువ్వు పెట్టుకునేవారు, ఇప్పుడు పెద్ద గుడ్డపువ్వు, దాని కింద మోకాళ్ల దాకా స్కూలు రంగుల రిబ్బన్లు, గంటలు, బొమ్మలు. ఆట రోజు అమ్మాయిలు దాన్ని బడికీ మైదానానికీ పెట్టుకెళ్తారు. ఆ పండగ డాన్సుకు పెట్టుకోరు. అబ్బాయిలు చిన్నసైజుది చేతికి కట్టుకుంటారు, దాన్ని గార్టర్ అంటారు. వాడుక ప్రకారం అబ్బాయి ఇంటివాళ్లు అమ్మాయికి మమ్, అమ్మాయి ఇంటివాళ్లు అబ్బాయికి గార్టర్ ఇస్తారు. స్నేహితులు, అమ్మానాన్నలు ఇచ్చినా తప్పేమీ లేదు. తెలుపు, వెండి రంగులు పన్నెండో తరగతివాళ్లకు వదిలేయడం మర్యాద.

కొంటే ఖరీదే, ఇంట్లో చేయడం కష్టం కాదు. క్రాఫ్ట్ దుకాణాల్లో గుండ్రటి అట్ట దొరుకుతుంది. అంచు చుట్టూ రిబ్బన్‌ను మడతలు పెడుతూ స్టేపుల్ చేయండి. వేలాడే రిబ్బన్లను అట్ట వెనక స్టేపుల్ చేసి, ఆపైన హాట్ గ్లూ వేయండి. వట్టి గ్లూతో సరిపెడితే సెప్టెంబరు ఎండలో కరిగి మధ్యాహ్నానికి సగం రాలిపోతాయి. పువ్వును అన్నిటికంటే చివర అంటించాలి. బరువైనదాన్ని పిన్నుతో చొక్కాకు గుచ్చితే బట్ట చిరుగుతుంది, మెడలో వేసుకునేలా వెడల్పు రిబ్బన్ కట్టండి. దండలు గుచ్చడం వచ్చిన అమ్మమ్మ ఎవరైనా ఇంట్లో ఉంటే ఒక్క పూటలో అయిపోతుంది.

ప్రశ్న: మా వాడు కాన్సస్ సిటీ చీఫ్స్ ఫుట్‌బాల్ జట్టు అభిమాని. డాలస్‌లో ఉంటూ ఇదేమిటని అందరూ ఆటపట్టిస్తున్నారు.
– ప్లేనో పాఠకుడు

జవాబు: ఈసారి ఇలా చెప్పమనండి. చీఫ్స్ పుట్టింది డాలస్‌లోనే. 1960లో లామర్ హంట్ ‘డాలస్ టెక్సన్స్’ పేరుతో స్థాపించాడు. అదే ఏడాది కౌబాయ్స్ కూడా వచ్చారు. ఒక ఊళ్లో రెండు జట్లు నిలవలేక 1963లో హంట్ తన జట్టును కాన్సస్ సిటీకి తరలించాడు.

ప్రశ్న: నాలుగేళ్ల పాప ఉంది. వేసవిలో తక్కువ ఖర్చుతో బేస్‌బాల్ చూడాలంటే ఎక్కడికి?
– మెకిన్నీ పాఠకురాలు

జవాబు: పాపతో అయితే ముందు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. ఇక్కడి పెద్ద లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్‌కు రెండు మెట్లు కింది జట్టు ఇది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, సోమవారాలు తప్ప, ఆరు రోజుల చొప్పున ఆటలుంటాయి. మైదానం చిన్నది, పాప ఏడిస్తే లేచి తిప్పడానికి చోటుంటుంది. పైకప్పు లేదు కనుక రాత్రి ఆటలే ఎంచుకోండి.

ఆర్లింగ్టన్‌లోని రేంజర్స్ మైదానానికి 2020 నుంచి మూసుకునే పైకప్పు, ఏసీ ఉన్నాయి. పాత మైదానంలో జులై ఎండకు జనం అల్లాడేవారు, కొత్తది కట్టడానికి అదే ముఖ్య కారణం. అక్కడ మనకు కలిసొచ్చే నిబంధన ఒకటుంది. ఒక గాలన్ పారదర్శక జిప్ సంచిలో పట్టేంత తిండి, లీటరు మించని, సీలు తీయని మామూలు నీళ్ల సీసా తీసుకెళ్లనిస్తారు. పులిహోర, చపాతీ చుట్టలు హాయిగా పడతాయి. ప్రతి సీజనుకూ నిబంధనలు సరిచూసుకోండి. ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతి పట్టుకుంటే అది మీదే, క్రికెట్‌లోలా తిరిగి ఇవ్వక్కర్లేదు. పాపతో ఉన్నప్పుడు మాత్రం వల వెనక సీట్లలోనే కూర్చోండి.

పక్క సీటు పెద్దాయనను 2011 గురించి అడిగితే ఆయన ముఖంలో బాధ కనిపిస్తుంది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) ఆరో ఆటలో రేంజర్స్ విజయానికి రెండుసార్లు ఒక్క స్ట్రైక్ (బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి) దూరం దాకా వచ్చి సెయింట్ లూయిస్ చేతిలో ఓడారు. పన్నెండేళ్ల తర్వాత, 2023లో, అరిజోనాను 4-1తో ఓడించి తొలి టైటిల్ అందుకున్నారు.

ప్రశ్న: ఆఫీసులో లూకా పేరెత్తితే ఇప్పటికీ కోపాలొస్తాయి. ఎందుకు?
– ఇర్వింగ్ పాఠకుడు

జవాబు: ఆ కోపానికి మూలం డర్క్ నొవిట్‌స్కీ మీద ఉన్న ప్రేమ. జర్మనీ నుంచి వచ్చి 21 సీజన్లూ ఒక్క డాలస్ మావరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుకే ఆడాడు, 31,560 పాయింట్లు చేశాడు, 2011లో ఊరికి టైటిల్ తెచ్చాడు. మైదానం బయట ఆయన విగ్రహం ఉంది. లూకా డాన్చిచ్ అదే దారిలో నడుస్తాడని అందరూ నమ్మారు. 2024లో జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2025 ఫిబ్రవరి మొదట్లో, ఒక అర్ధరాత్రి, పాతికేళ్ల ఆటగాణ్ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేశారు. జనం డర్క్ విగ్రహం దగ్గర చేరి నిరసన తెలిపారు. ఆ మార్పిడి చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తొలగించాలని ఆట ఆటకూ నినాదాలు చేశారు. 2025 నవంబరులో యాజమాన్యం ఆయన్ను తొలగించింది. ఈలోగా కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు కోసం తీసే లాటరీ, 1.8 శాతం అవకాశమే ఉన్నా, తగిలి యువ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. ఇప్పుడు చూడ్డం మొదలుపెట్టేవారికి అతనే మంచి కారణం. ఇర్వింగ్ నుంచి డార్ట్ (డాలస్ నగర రైలు) ఆరెంజ్ లైన్ ఎక్కి విక్టరీ స్టేషన్‌లో దిగితే మైదానం ఎదురుగానే ఉంటుంది. తిరుగు రైలు వేళ మాత్రం ముందే చూసుకోండి.

ప్రశ్న: గ్రాండ్ ప్రెయిరీలో టెక్సాస్ సూపర్ కింగ్స్ ఆట చూడటానికి వెళ్తున్నాం. ఏం తెలుసుకోవాలి?
– లూయిస్‌విల్ పాఠకులు

జవాబు: అది బేస్‌బాల్ కోసం కట్టి, తర్వాత క్రికెట్‌కు మార్చిన మైదానం. 2023 జులై 13న అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది అక్కడే. ఆ రోజు సూపర్ కింగ్స్ లాస్ ఏంజెలెస్ నైట్ రైడర్స్‌ను 69 పరుగులతో ఓడించారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో ఆరన్ జోన్స్ 40 బంతుల్లో 94 నాటౌట్‌గా కెనడా మీద గెలిపించిందీ, ఐదు రోజులకు అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించిందీ ఆ పిచ్ మీదే. మనవాళ్లు పిల్లలను అక్కడికి తీసుకెళ్లి ఈ సంగతులు చెప్పాలి.

సీజన్ జూన్, జులైల్లో. సాయంత్రం ఏడైనా ఎండ పోదు. వీపు పడమటికి ఉండే స్టాండులో సీట్లు తీసుకోండి, అక్కడ నీడ ముందు పడుతుంది. పిల్లలకు నీళ్లు, టోపీలు మరవకండి. సాయంత్రం ఉరుములతో వాన పడటం అక్కడ మామూలే, కాబట్టి బయల్దేరేముందు వాతావరణం చూసుకోండి. మెరుపులు దగ్గర్లో కనిపిస్తే ఆట ఆపుతారు. అప్పుడు స్టాండులో ఉండకుండా కారులోకో కప్పు కిందికో వెళ్లండి.